పద్నాలుగు నుంచి పద్దెనిమిది: పల్లెలో ఆడపిల్ల చదువు తెగే నాలుగేళ్లు

చిత్తూరు, తిరుపతి జిల్లాల పల్లెల్లో ఏప్రిల్ నెలాఖరుకు రెండు పనులు పక్కపక్కనే మొదలవుతాయి. పదో తరగతి ఫలితాలు వస్తాయి. ఆ వెంటనే వైశాఖ మాసం ముహూర్తాలు వస్తాయి. లెక్కల్లో తప్పిన పిల్ల ఉన్న ఇంట్లో ఈ రెండూ కలిశాయంటే మాట ఎటు తిరుగుతుందో ఊళ్లో అందరికీ తెలుసు. "తప్పింది కదా, ఇంట్లో కూర్చోబెట్టుకొని ఏం చేస్తాం" అని ఒకరంటారు. మేనత్త కొడుకు బెంగళూరులో పనిలో కుదురుకున్నాడని ఇంకొకరు గుర్తు చేస్తారు. జూన్ 12న బడులు తెరిచే నాటికి ఆ పిల్ల పేరు ఏ రిజిస్టర్లోనూ ఉండదు.

ఆ ఇంట్లోవాళ్లు చదువంటే గిట్టనివాళ్లేం కాదు. పదేళ్లపాటు పిల్లను బడికి పంపింది వాళ్లే. "ఆడపిల్లకు చదువెందుకు" అని నోరు తెరిచి అనేవాళ్లు మన వైపు ఇప్పుడు దాదాపు కనపడరు. పిల్లను బడిలో చేర్చడమనే మొదటి పని చాలావరకు అయిపోయింది. తెగుతున్నది ఆ తర్వాత. అయినా మన ప్రచారాలు, ర్యాలీలు, దాతలు పంచే పలకలు, పుస్తకాలు ఇంకా ఆ మొదటి పని చుట్టూనే తిరుగుతున్నాయి. అందుకే ఇక్కడ ఆ తర్వాతి ముక్కను, అంటే 14 నుంచి 18 ఏళ్ల దాకా ఉన్న కాలాన్ని, విప్పి చూద్దాం.

ఆ వయసునే పట్టుకోవడానికి కారణం చట్టాల్లోనే ఉంది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు వర్తిస్తుంది, అంటే ఎనిమిదో తరగతి వరకు. 2006 నాటి బాల్య వివాహాల నిషేధ చట్టం అమ్మాయి పెళ్లికి 18 ఏళ్లు నిండాలంటుంది. బాలకార్మిక చట్టం, 2016 సవరణ తర్వాత, 14 దాటినవాళ్లను ప్రమాదకరమైన పనుల్లో పెట్టొద్దని మాత్రమే అంటుంది. సొంత పొలంలో, సొంత ఇంట్లో పనికి అడ్డేమీ లేదు. ఒక చట్టం 14 దగ్గర చెయ్యి వదిలేస్తుంది, ఇంకో చట్టం 18 దగ్గర గీత గీస్తుంది. మధ్యలో తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్లు. ఆ నాలుగేళ్లూ పిల్లను బడికి కట్టి ఉంచేది ఇంటివాళ్ల ఓపిక, ఊళ్లోవాళ్ల పట్టింపు మాత్రమే.

ఆ నాలుగేళ్ల విలువ ఎంత

చదువు మంచిదని అందరూ అంటారు. ఎక్కడ, ఎంత మంచి చేస్తుందో లెక్క చెప్పేవాళ్లు తక్కువ. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత (2019-21) చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో 20 నుంచి 24 ఏళ్ల ఆడవాళ్లలో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయిపోయింది. దేశం సగటు 23.3. మన రాష్ట్రంలో 15-19 ఏళ్ల వాళ్లలో 12.6 శాతం మంది సర్వే నాటికే తల్లులో, గర్భిణులో. దేశం మొత్తం మీద బడి మెట్లు ఎక్కని ఆడవాళ్లకు సగటు సంతానం 2.8 అయితే, పన్నెండేళ్లు చదివినవాళ్లకు 1.8. ఈ తేడాలో ఇంటి ఆస్తి, కులం, ఊరు అన్నీ కలిసి ఉంటాయి. అంతా చదువు చలవే అనడం సరికాదు. కానీ చదువు పెళ్లిని వెనక్కి నెట్టే దారి ఒకటి మాత్రం కళ్లకు కడుతుంది. కాలేజీకి పోతున్న పిల్లను సంబంధం అడగడానికి వచ్చేవాళ్లు ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తారు. "మా పాప ఇంకా చదువుతా ఉంది" అనేది తండ్రి నలుగురిలో తల ఎత్తుకొని చెప్పగలిగే జవాబు. ఇంట్లో కూర్చున్న పిల్ల తండ్రికి ఆ జవాబు లేదు. రిజిస్టర్లో పేరు ఉండటమే ఆ పిల్లకు గొడుగు.

సంపాదన సంగతి కొస్తే, ఒక్కో ఏడాది అదనపు చదువుకు ఆదాయం సుమారు 9 శాతం పెరుగుతుందని, మగవాళ్లతో పోలిస్తే ఆడవాళ్లకు ఆ పెరుగుదల ఇంకో 2 పాయింట్లు ఎక్కువని 2018లో ప్రపంచ బ్యాంకు ప్రచురించిన పరిశీలన తేల్చింది. చాలా దేశాల సగటు అది. మన జిల్లాల్లో అది మెట్లుగా ఉంటుంది. ఎనిమిదితో ఆగిన పిల్లకు టమోటా తోటలో కూలి, సీజన్లో మామిడి గుజ్జు ఫ్యాక్టరీ పని. పది పాసైతే అంగన్‌వాడీ కార్యకర్త పోస్టుకు అర్హత వస్తుంది. డ్వాక్రా సంఘాల పుస్తకాలు రాసే పని, ఊరు దాటకుండానే చేసుకోగల ఇంకొన్ని పనులు దొరుకుతాయి. ఇంటర్ గానీ డిప్లొమా గానీ చేతికొస్తే సత్యవేడు దగ్గరి శ్రీసిటీ ఫ్యాక్టరీల్లో నెల జీతం, పీఎఫ్ ఉన్న ఉద్యోగానికి దారి పడుతుంది. బైపీసీ చదివితే నర్సింగ్.

ఇక తిరుపతి ఊరు మనకు ఒక వరం. శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం 1983 నుంచి అక్కడే ఉంది. దేవస్థానం నడిపే మహిళా డిగ్రీ కాలేజీ, మహిళా పాలిటెక్నిక్ ఉన్నాయి. స్విమ్స్ ఆసుపత్రికి నర్సింగ్ కాలేజీ ఉంది, 2014లో ఆడపిల్లల కోసమే మెడికల్ కాలేజీ వచ్చింది. ఆడపిల్లల కోసమే కట్టిన ఇన్ని చదువులు ఒకే ఊళ్లో దొరకడం అరుదు. కానీ ఆ గేట్లన్నీ పది తర్వాతో, ఇంటర్ తర్వాతో తెరుచుకునేవి. పుంగనూరు పల్లె నుంచో, కార్వేటినగరం పల్లె నుంచో అక్కడికి వెళ్లే దారి ఈ నాలుగేళ్ల మీదుగానే పోతుంది.

తల్లిదండ్రులు ఒక మాట అంటారు, దాన్ని కొట్టిపారేయకూడదు. "బిడ్డ డిగ్రీ చదివితే అల్లుడు పీజీ చదివినోడు కావాలంటారు, కట్నం ఎవురిస్తారు?" ఇది ఉట్టి సాకు కాదు. చదువుకున్న పిల్లకు అంతకంటే ఎక్కువ చదివిన వరుణ్ణే వెతకడం, అతని చదువును బట్టి కట్నం పెరగడం మన వైపు నిజంగానే జరుగుతోంది. ఈ భయాన్ని ఉపన్యాసంతో తీర్చలేం. డిగ్రీ ఉండి చేతిలో పని లేకపోతే ఆ తండ్రి లెక్కే నెగ్గుతుంది. నర్సింగ్, డిప్లొమా, ఒకేషనల్ కోర్సుల్లాంటి చదువులు పల్లె ఇళ్లలో త్వరగా ఒప్పుకోవడానికి కారణం అదే: జీతం తెచ్చుకునే పిల్ల పెళ్లి మాటల్లో తన తరఫున తానే కూర్చుంటుంది.

220 రోజులకు 42 రోజుల కూలి

ప్రభుత్వం ఏమీ ఇవ్వడం లేదనడం అన్యాయం. మధ్యాహ్న భోజనం 2025 జనవరి నుంచి ప్రభుత్వ జూనియర్ కాలేజీలకు కూడా వచ్చింది. నోటుపుస్తకాలు, యూనిఫాం గుడ్డ, బూట్లు, సంచి విద్యార్థి మిత్ర కిట్టులో వస్తాయి. 2025 జూన్‌లో మొదలైన తల్లికి వందనం కింద ఒక్కో బిడ్డకు 15,000 రూపాయల్లో 2,000 బడి నిర్వహణకు పోను 13,000 తల్లి ఖాతాలో పడుతుంది. ఒకటో తరగతి నుంచి ఇంటర్ దాకా వర్తిస్తుంది. హాజరు 75 శాతం ఉండాలి.

ఆ 13,000 ఎంత? 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. ఆ లెక్కన అది 42 రోజుల కూలి. బడి నడిచేది ఏడాదికి సుమారు 220 రోజులు. పదిహేనేళ్ల పిల్ల పొలానికి వస్తే ఆదా అయ్యే కూలి, చంటిబిడ్డను చూసుకుంటే తల్లి పోగలిగే పని, ఆవుల దగ్గర పొద్దున గంట, సాయంత్రం గంట, ఇవన్నీ కలిపి చూస్తే పెద్దపిల్లను చదివించే ఇల్లు ఎంత వదులుకుంటోందో తెలుస్తుంది. ఈ లెక్క తెలిసినవాళ్లు ఆ తల్లిదండ్రులను "అవగాహన లేనివాళ్లు" అనరు.

డబ్బు మంజూరైనా చేతికి రాని సందర్భాలూ ఉన్నాయి. ఎక్కువగా కారణం ఒకటే. డబ్బు పడేది తల్లి ఇచ్చిన పాస్‌బుక్కులోకి కాదు, ఆధార్‌కు ఎన్‌పీసీఐలో (బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే జాతీయ సంస్థ) చివరగా జోడించిన ఖాతాలోకి. ఎప్పుడో డ్వాక్రా అప్పు కోసం తెరిచి మరిచిపోయిన ఖాతాకో, మూలపడిన ఖాతాకో ఆధార్ అంటుకొని ఉంటే డబ్బు అటు పోతుంది, లేదా తిరిగిపోతుంది. సచివాలయంలో సంక్షేమ విద్యా సహాయకుణ్ణి అడిగితే ఏ బ్యాంకుకు జోడించి ఉందో చూసి చెబుతారు. ఏప్రిల్, మే నెలల్లోనే ఇది చూసుకుంటే జూన్‌లో తిరగక్కర్లేదు.

ఈ నాలుగేళ్లకే అతికినట్టుండే సాయం ఇంకొకటుంది, దాని గురించి చాలామందికి తెలియదు. అది జాతీయ ఉపకార వేతన పరీక్ష, ఎన్‌ఎంఎంఎస్. ఎనిమిదో తరగతిలో రాయాలి. నెగ్గితే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా ఏటా 12,000, మొత్తం 48,000 రూపాయలు. ప్రభుత్వ, ఎయిడెడ్, స్థానిక సంస్థల బడుల్లో చదివేవాళ్లకు మాత్రమే. ఇంటి ఆదాయం ఏడాదికి 3.5 లక్షలు దాటకూడదు, ఏడో తరగతిలో 55 శాతం మార్కులుండాలి, ఎస్సీ, ఎస్టీలకు 50. ప్రభుత్వ గురుకులాల్లో ఉండి చదివేవాళ్లకు వర్తించదు. రెండు పేపర్లు, ఒక్కోటి 90 మార్కులు. ఒకటి తెలివి పరీక్ష, రెండోది ఏడు, ఎనిమిది తరగతుల పాఠాలు. చురుకైన పిల్లలు తప్పేది ఆ మొదటి పేపర్లోనే, ఎందుకంటే వరసలు, పోలికలు, కోడ్ ప్రశ్నలు వాళ్లు బడిలో ఎప్పుడూ చూసి ఉండరు. మూడు నెలలు, వారానికి రెండు గంటలు పాత ప్రశ్నపత్రాలు చేయిస్తే తేడా కనిపిస్తుంది. నెగ్గాక వచ్చే చిక్కు వేరు: ఏటా జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్లో రెన్యువల్ చేయాలి. హైస్కూల్లో హెడ్‌మాస్టర్లు చూసుకుంటారు. పిల్ల జూనియర్ కాలేజీకి మారాక కాలేజీవాళ్లకు ఆ సంగతి తెలియక, పిల్లకు అడగాలని తెలియక ఇంటర్‌లో ఆగిపోతుంది. పదిలో 60 శాతం, ఎస్సీ, ఎస్టీలకు 55 శాతం తెచ్చుకోవాలన్న నిబంధన కూడా ముందే చెప్పి ఉంచాలి.

సుకన్య సమృద్ధి ఖాతా చాలా ఇళ్లలో ఉంది. పదేళ్లలోపు పిల్ల పేరుతో పోస్టాఫీసులో తెరవచ్చు, ఏడాదికి కనీసం 250 కట్టాలి. అందరూ దాన్ని పెళ్లి డబ్బు అనుకుంటారు. పది పాసయినా, పద్దెనిమిది నిండినా చదువు ఖర్చుకు అందులో సగం దాకా తీసుకోవచ్చన్నది పాస్‌బుక్కు ఉన్న తల్లులకే చాలామందికి తెలియదు.

టికెట్టు ఉచితం, బస్సు ఏదీ?

2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్టు లేదు. గుర్తింపు కార్డు చూపితే సున్నా టికెట్టు ఇస్తారు. ఇది చాలా పెద్ద సాయం. దీంతో అసలు చిక్కు బయటపడింది: చాలా ఊళ్లకు ఉచితంగా ఎక్కడానికి బస్సే లేదు, ఉన్నా కాలేజీ వేళకు రాదు.

ఉన్నత పాఠశాల 5 కిలోమీటర్ల లోపల, ఇంటర్ 7 నుంచి 10 కిలోమీటర్ల లోపల ఉండాలన్నది ప్రణాళికల్లో పెట్టుకున్న కొలత. మ్యాపు మీద అది సరిపోతుంది. పలమనేరు, బంగారుపాళెం మండలాల్లో కౌండిన్య అడవి అంచు ఊళ్లలో ఆ 5 కిలోమీటర్ల దారిలో చీకటి పడితే ఏనుగులు తిరుగుతాయి. డిసెంబరు నుంచి పదో తరగతికి స్పెషల్ క్లాసులు పెడతారు. ఆరింటికి వదిలితే ఆఖరి బస్సు అప్పటికే వెళ్లిపోయి ఉంటుంది. మగపిల్లలు ఏదో బైకు పట్టుకొని ఇల్లు చేరతారు. ఆడపిల్లలు స్పెషల్ క్లాసు మానేస్తారు, మార్చిలో లెక్కల్లో తప్పుతారు. తప్పడానికి, బస్సుకు ఉన్న ఈ లంకెను మార్కుల మెమో చూపదు.

దూరం తగ్గితే ఫలితం ఎంతుంటుందో బీహార్ చూపింది. 2006లో అక్కడి ప్రభుత్వం తొమ్మిదో తరగతిలో చేరిన ఆడపిల్లలకు సైకిలు కొనుక్కోవడానికి డబ్బిచ్చింది. ఉన్నత పాఠశాలలో ఆడపిల్లల చేరిక 32 శాతం పెరిగిందని, మగపిల్లలతో ఉన్న తేడా 40 శాతం తగ్గిందని కార్తీక్ మురళీధరన్, నిశిత్ ప్రకాశ్ చేసిన పరిశోధన తేల్చింది. బడి 3 కిలోమీటర్లు, ఆపైన ఉన్న ఊళ్లలోనే ఈ ఫలితం ఎక్కువ. అందరూ ఒకేసారి సైకిళ్ల మీద గుంపుగా వెళ్లడంతో భయమూ తగ్గింది. మన ఎత్తుపల్లాల దారుల్లో సైకిలు అన్నిచోట్లా పనికిరాదు. అక్కడ చేయగలిగినది షేరు ఆటో. ఊళ్లో ఆరుగురు పిల్లలుంటే, డిసెంబరు నుంచి మార్చి దాకా సాయంత్రం ఒక ట్రిప్పుకు ఊరి ఆటోతోనే మాట్లాడుకోవాలి. డ్రైవరు అందరికీ తెలిసినవాడై ఉండాలి. ఆఖరున దిగేది ఒక్క పిల్లే కాకుండా ఇద్దరు దిగేలా దారి పెట్టుకోవాలి. బస్సు వేళ మార్చమని డిపో మేనేజరుకు అర్జీ ఇచ్చేటప్పుడు ఉత్త విన్నపం పనిచేయదు. ఏ స్టేజీలో ఎంతమంది పిల్లలు ఎక్కుతారో తరగతితో సహా పట్టిక రాసి, హెడ్‌మాస్టరు సంతకంతో ఇస్తే దాన్ని పక్కన పెట్టడం కష్టం.

హాజరు పట్టీ ముందే చెబుతుంది

బడి మానే పిల్ల ఒక్కరోజులో మానదు. హాజరు పట్టీని నిలువుగా కాకుండా అడ్డంగా, ఒక్క పిల్ల గీతనే మూడు నెలలు చూడండి.

వారంలో ఒకే రోజు గైర్హాజరు పడుతుంటే అది సంత రోజు. తల్లి సంతకు పోతే పిల్ల ఇంట్లో. నెలకు రెండు మూడు రోజులు, దాదాపు అవే తేదీల్లో పడితే నెలసరి. వరసగా పది, పన్నెండు రోజులు ఖాళీ ఉంటే అమ్మానాన్న బెంగళూరు పనికి వెళ్లారు, అవ్వ దగ్గర ఉన్న పిల్ల చెల్లినీ తమ్ముణ్ణీ చూసుకుంటోంది. కుప్పం వైపు ఇది మామూలు. జూన్, జూలైల్లో బడి తెరిచిన మొదటి నెలంతా రాకపోతే తోతాపురి మామిడి కోతలు, గుజ్జు ఫ్యాక్టరీలు, వేరుశనగ విత్తనం పని. ఫిబ్రవరి, మార్చిలో చెదురుమదురుగా, సగం పూటలు పడుతుంటే చింతపండు.

చింతపండు సంగతి కొంచెం దగ్గరగా చూడాలి. ఆ నెలల్లో మన ఊళ్లలో అరుగుల మీద, వాకిళ్లలో కాయల కుప్పలు పోసి ఉంటాయి. ఎండిన పెంకు వలిచి, ఈనెలు లాగి, కమ్మీతో ఒక్కో పండును కొట్టి గింజ రాల్చాలి. కిలోల లెక్కన కూలి. ఇది కూర్చొని చేసే పని కాబట్టి, ఇంట్లోనే చేసే పని కాబట్టి, దీన్ని ఎవరూ పని అనుకోరు. "చదువుకుంటానే కొట్టొచ్చు కదా" అంటారు. పుస్తకం మోకాలి పక్కన తెరిచే ఉంటుంది, వేళ్లకు జిగురు, పేజీ తిప్పితే అంటుకుంటుంది. పదో తరగతి పరీక్షలు మార్చి నెల మధ్యలో. అంటే ఏడాదిలో చదువు ఎక్కువ కావాల్సిన ఆరు వారాలూ ఆ కుప్ప ముందే గడుస్తాయి. ఇక్కడ తల్లిని నిష్ఠూరమాడి లాభం లేదు. డ్వాక్రా సంఘం మీటింగులో ఒక్క కట్టుబాటు పెట్టుకుంటే చాలు: పదో తరగతి, ఇంటర్ పిల్లలున్న ఇంట్లో ఆ ఆరు వారాలూ సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా పిల్ల చేతికి కమ్మీ ఇవ్వకూడదు. సంఘంలో పదిమంది ఒప్పుకున్నది ఇంట్లో నిలబడుతుంది.

విద్యాహక్కు చట్టం ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, మొత్తంలో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. పేరుకు ఉంటారు. వాళ్ల ముందు ఈ హాజరు గీతలు పెట్టి, ఫలానా పిల్ల ఎందుకు రావడం లేదో అడిగితే ఆ కమిటీకి ప్రాణం వస్తుంది. పక్కింటి తల్లికి తెలిసిన కారణం టీచరుకు తెలియదు.

నెలసరి రోజుల గైర్హాజరుకు మందు మరుగుదొడ్డి గది ఉండటం ఒక్కటే కాదు. 40 మంది ఆడపిల్లలకు ఒక దొడ్డి అన్నది కొలత. దాంతోపాటు చూడాల్సినవి: లోపలి గడియ పడుతోందా, మధ్యాహ్నం రెండింటికి కూడా కుళాయిలో నీళ్లు వస్తున్నాయా, మూత ఉన్న చెత్తబుట్ట ఉందా, తాళం చెవి ఎవరి దగ్గరుంది? తాళం చెవి మగ టీచరు బల్ల మీద ఉన్న దొడ్డి లేనట్టే లెక్క.

రక్తహీనత దీనికంటే మెల్లగా, కనపడకుండా దెబ్బకొడుతుంది. ఆ వయసు ఆడపిల్లల్లో సగానికి పైగా ఉన్న సమస్య ఇది. క్లాసులో నిద్రమత్తు, మెట్లెక్కితే ఆయాసం, చదివింది నిలవకపోవడం చూసి మొద్దు అనుకుంటాం. ఆరు నుంచి ఇంటర్ దాకా వారానికొక నీలం మాత్ర ఇస్తారు, అందులో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. ఖాళీ కడుపున వేసుకుంటే వికారం పుడుతుంది, ఒక్కసారి అలా అయిందంటే మళ్లీ మింగరు, జేబులో వేసుకొని దారిలో పారేస్తారు. అన్నం తిన్న వెంటనే, టీచరు ఎదురుగా, నిండా నీళ్లతో మింగించాలి. టీ, కాఫీ దగ్గర్లో తాగితే ఇనుము ఒంటికి పట్టదు. మలం నల్లగా వస్తుందని ముందే చెప్పాలి, లేకపోతే ఇంట్లో భయపడి మాన్పిస్తారు.

ఏప్రిల్ నుంచి జూలై

మొదట్లో చెప్పిన పిల్ల దగ్గరికి వద్దాం. లెక్కల్లో పాసుకు 35 మార్కులు కావాలి, 28 వచ్చాయి. సప్లిమెంటరీకి ఫీజు కట్టే గడువు ఫలితాలు వచ్చాక కొద్ది రోజులే. హాల్ టికెట్టు బడిలో, హెడ్‌మాస్టరు సెలవుల్లో, పిల్ల ముఖం చూపించలేక ఇంట్లో. గడువు దాటిపోయేది ఇలా. ఊరికి ఒక్కరు బాధ్యత తీసుకోవాలి: ఫలితాల రోజు సాయంత్రానికి తప్పినవాళ్ల పేర్లు రాసుకొని, రెండు రోజుల్లో ఫీజు కట్టించాలి. పరీక్షకు నెల రోజుల దాకా ఉంటుంది. ఆ నెలలో పుస్తకమంతా చెప్పబోతే పిల్ల బెదురుతుంది. సాంఖ్యక శాస్త్రం, సంభావ్యత, రేఖీయ సమీకరణాల జత, అంకశ్రేఢులు, ఈ నాలుగైదు అధ్యాయాలు రోజుకు గంటన్నర గట్టిగా చేస్తే పాసు మార్కులు అందుతాయి. తప్పడానికి వేరు తరచూ పదో తరగతిలో ఉండదు. భిన్నాలు, రుణసంఖ్యల దగ్గర, అంటే ఆరు, ఏడు తరగతుల్లోనే ఉంటుంది. మొదటి వారం వాటికే ఇవ్వాలి.

పాసైన పిల్ల కూడా ఈ నెలల్లోనే జారిపోతుంది. టీసీ తీసుకుంది, ఏ కాలేజీలోనూ చేరలేదు. మే నెలలో చేయాల్సిన పని ఒక్కటే, పిల్లతో, తల్లితో కూర్చొని దారి తేల్చడం. కస్తూర్బా విద్యాలయాల్లో ఆరో తరగతికీ ఇంటర్‌కీ ఆన్‌లైన్ దరఖాస్తులు వేసవికి ముందే వస్తాయి. అక్కడ ఉండటం, తిండి ఉచితం, తల్లిదండ్రులు లేనివాళ్లకు, మధ్యలో మానేసినవాళ్లకు ముందు అవకాశం. రోజూ ప్రయాణం కుదరని ఊళ్లకు ఇదే మంచి దారి. ప్రవేశ పరీక్ష పాలిసెట్ రాసి ఉంటే పాలిటెక్నిక్. పది మార్కులు బాగుంటే ట్రిపుల్ ఐటీలకు దరఖాస్తు: ప్రభుత్వ బడి పిల్లలకు అదనపు స్కోరు కలుపుతారు, మూడో వంతు సీట్లు ఆడపిల్లలకే. మనకు దగ్గర ఇడుపులపాయ.

కాగితాల చిక్కు ఇక్కడ బయటపడుతుంది. బడి రికార్డులో పేరు ఒకలా, ఆధార్‌లో ఇంగ్లీషు స్పెల్లింగు ఇంకోలా, ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక. బడిలో వేసేనాడు వయసు సరిపోవాలని పుట్టినతేదీని జూన్‌కు జరిపిన పిల్లలు ఇంకా ఉన్నారు. పదో తరగతి నామినల్ రోల్స్ (పరీక్ష రాసేవాళ్ల జాబితా) పంపకముందే, అంటే తొమ్మిదిలో ఉండగానే ఇవి సరిచేయాలి. మెమో మీద అచ్చయ్యాక మార్చడమంటే నెలల తరబడి ఆఫీసుల చుట్టూ తిరగడమే, ఆలోగా స్కాలర్‌షిప్ గడువు పోతుంది.

పెళ్లి మాట ఖాయమయ్యే దాకా వస్తే పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయవచ్చు, చెప్పినవాళ్ల పేరు బయటపెట్టరు. బాల్య వివాహాల నిషేధ అధికారి మేజిస్ట్రేటు దగ్గర ఉత్తర్వు తెస్తే, దాన్ని కాదని చేసిన పెళ్లి చెల్లదు. చేయించిన పెద్దలకు రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా. అయితే పెళ్లి ఆపడంతో పని సగమే అయినట్టు. అధికారులు ఆపి, తల్లిదండ్రుల దగ్గర రాతపూర్వకంగా హామీ రాయించుకొని వెళ్లాక ఆ పిల్ల ఇంట్లోనే ఉంటే, రెండు నెలలకు ఇంకో ఊళ్లో తాళి పడుతుంది. ఆపిన వారంలోపు ఆమెకు హాస్టలుతో కూడిన సీటు చూపించగలగాలి. సీటు ముందు దొరికించుకొని, అప్పుడు ఇంటికి వెళ్లి మాట్లాడితే చాలాసార్లు ఫోన్ దాకా పోనక్కర్లేదు.

ఊరికి సాయం చేయాలనుకునే దాతలు, బెంగళూరులో, బయటి దేశాల్లో స్థిరపడిన ఊరివాళ్లు ఒక్కటి గమనించాలి. సంచులు, పుస్తకాలు ఇప్పటికే వస్తున్నాయి. మళ్లీ అవే ఇస్తే ఫొటో ఒక్కటే మిగులుతుంది. ఊరికి అక్కరకొచ్చేవి చిన్నవి, ఎవరికీ కనపడనివి: నాలుగు నెలల ఆటో ఖర్చు, సాయంత్రం రెండు గంటలు లెక్కలు చెప్పే డిగ్రీ అమ్మాయికి నెలకు గౌరవ వేతనం, చదువుకునే గదికి ఇన్వర్టరు, సప్లిమెంటరీ ఫీజు, పాలిసెట్ దరఖాస్తు, చేరే రోజు ప్రయాణం, ట్రంకు పెట్టె, దుప్పటి. చదువు చెప్పే ఆ అమ్మాయి ఊరి కోడలో, ఊరి బిడ్డో అయితే ఇంకా మేలు. ఆమెను చూసి ఇళ్లలో మాట మారుతుంది.

ఇదంతా ఒక నోటుపుస్తకంలో పడుతుంది. జూన్ మొదటి వారంలో ఊళ్లో ఎనిమిది నుంచి ఇంటర్ దాకా ఉండాల్సిన ఆడపిల్లల పేర్లు రాయండి. అంగన్‌వాడీ కార్యకర్త, ఆశా, సచివాలయం మహిళా పోలీసు ముగ్గురూ కూర్చుంటే అరగంట పని. ఒక్కో పేరు ఎదురుగా ఇప్పుడు ఏ బడి, ఏ కాలేజీ. జూలై 31న మళ్లీ తెరిచి, ఖాళీగా ఉన్న గడుల ఇళ్లకు నడవండి.

అప్పటికే మానేసినవాళ్లు, పెళ్లయినవాళ్లు కూడా ఆ పుస్తకంలో ఉండాలి. 14 నిండితే ఓపెన్ స్కూల్లో పది, 15 నిండి పది పాసై ఉంటే ఇంటర్ కట్టవచ్చు, ఇంటి దగ్గర చదువుకుంటూ సెలవు రోజుల్లో క్లాసులకు వెళ్తే చాలు. సబ్జెక్టులు ఎంచుకునేటప్పుడు లెక్కలు లేకుండానే పది గట్టెక్కొచ్చని చాలామంది సలహా ఇస్తారు, భయపడ్డ పిల్ల సంతోషంగా ఒప్పుకుంటుంది. లెక్కలు లేని పదితో పాలిసెట్ రాయలేరు. ఫారం నింపే ముందు ఈ మాట పిల్లకు చెప్పాలి.